మూడు ద్రాక్షల వగరు

జ్యేష్ఠం దాటుతుండగా నేరేడు చెట్టు కింద చేరిన పిల్లలు ఒక ఆట ఆడతారు. గుప్పెడు పళ్లు తినేసి ఒకరికొకరు నాలుక చాపి చూపించుకుంటారు. ఎవరి నాలుక ఎక్కువ ఊదాగా ఉంటే వాళ్లు గెలిచినట్టు. మా ఊళ్లో నేనూ ఆడాను. గెలిచినవాడికి ఇంకొకటి కూడా దక్కుతుంది: నోరు పట్టేస్తుంది, నాలుక అంగిలికి గరగరా రాసుకుంటుంది, మాట సరిగా రాదు. కాస్త ఉప్పు అద్దుకుని తినరా అనేది అమ్మమ్మ. ఆ రంగూ, ఆ వగరూ ఒకే పండులోంచి వచ్చిన జంట.

ఫ్రాన్స్ దక్షిణాన రోన్ నది పక్కన చేసే ఎర్ర వైన్ గురించి చదవడం మొదలుపెట్టాక నాకు పదేపదే ఆ నేరేడు చెట్టే గుర్తొచ్చింది. వైన్‌కు ఎరుపునిచ్చే ఆంథోసయనిన్లు, నోరు పట్టేలా చేసే టానిన్లు నేరేడులోనూ ఉన్నాయి. మాల్విడిన్ అనే వర్ణకం రెండింటిలోనూ కనిపిస్తుంది. అయితే రోన్ వాళ్లు ఈ వైన్‌ను సాధారణంగా ఒక్క ద్రాక్షతో సరిపెట్టరు. గ్రెనాష్, సిరా, మూర్వెద్ర్ అనే మూడు రకాలను ముఖ్యంగా కలుపుతారు. ఎందుకు కలుపుతారు, కలిపినదాన్ని ఏ తిండితో తీసుకుంటారు అన్న రెండు ప్రశ్నలనూ పట్టుకుని వెళ్తే, రెండూ ఆ వగరు దగ్గరికే చేరుస్తాయి.

ముందు ఆ నేల సంగతి. రోన్ స్విట్జర్లాండ్‌లోని ఆల్ప్స్ మంచులో పుట్టి, జెనీవా సరస్సులోంచి బయటపడి, లియాన్ దగ్గర దక్షిణానికి తిరిగి మధ్యధరా సముద్రంలో కలుస్తుంది. అవిన్యోన్ చుట్టుపక్కల లోయ వెడల్పవుతుంది. ఎండ ఎక్కువ, వాన తక్కువ. ఉత్తరం నుంచి మిస్ట్రల్ అనే పొడిగాలి విసురుగా వీస్తుంది. 1309 నుంచి 1377 వరకు పోపుల పీఠం రోమ్‌లో కాక అవిన్యోన్‌లో ఉండేది. వాళ్లలో ఇరవై రెండో జాన్ ఊరికి కొంచెం ఎగువన ఒక కోట కట్టించాడు. ఆ కోట పక్క పల్లె పేరు షాతోనఫ్-ద్యు-పాప్, అంటే పోపుగారి కొత్త కోట. నదికి అవతలి ఒడ్డున రోక్‌మోర్ రేవు ఉంది. అక్కడి పీపాల మీద సి.డి.ఆర్. అన్న అక్షరాలు కాల్చి ముద్ర వెయ్యాలని 1737లో రాజాజ్ఞ వచ్చింది. కోత్ ద్యు రోన్ అన్న పేరుకు పొడి అక్షరాలవి. వేరే ఊరి సరుకు ఈ పేరుతో అమ్ముకోకుండా చేసిన కట్టడి.

అదే రోక్‌మోర్ దగ్గర 1860లలో ద్రాక్షతోటలు కారణం తెలియకుండా ఎండిపోవడం మొదలైంది. 1868లో మోంపెలియే వృక్షశాస్త్రజ్ఞుడు ప్లాంషోన్, ఆయన సహచరులు తీగలు పెకలించి చూస్తే, వేళ్ల మీద పసుపుపచ్చ పేను లాంటి పురుగులు కనిపించాయి. ఫిలోక్సెరా అనే ఆ పురుగు అమెరికా నుంచి వచ్చింది, విరుగుడూ అక్కడినుంచే వచ్చింది. దాన్ని తట్టుకోగల అమెరికా తీగ వేరు మీద ఫ్రాన్స్ కొమ్మను అంటుకట్టారు, మామిడి అంటు కట్టినట్టే. తోటలు తేరుకున్నాక కల్తీ పెరిగింది. షాతోనఫ్ రైతులు, వాళ్లకు నాయకుడైన బారన్ ల రువా 1923లో ఒక కట్టుబాటు రాసుకున్నారు: లావెండర్, థైమ్ మొలిచే ఎండునేలలోనే ద్రాక్ష వెయ్యాలి, ఫలానా రకాలే వెయ్యాలి, ఆల్కహాల్ 12.5 శాతానికి తగ్గకూడదు. 1936లో ఫ్రాన్స్ ప్రభుత్వం దాన్నే చట్టం చేసింది. ఆ జాబితాలో 13 రకాల ద్రాక్షలున్నాయి. వాటిలో బరువంతా మోసేవి మన మూడే.

గ్రెనాష్ పుట్టిల్లు స్పెయిన్‌లోని అరగోన్ ప్రాంతం. బలమైన మొదలు, నిలువుగా లేచే కొమ్మలు. మిస్ట్రల్ ఎంత విసిరినా ఆధారం లేకుండా పొదలా నిలబడుతుంది. తొక్క పలచన, కాబట్టి రంగూ టానినూ తక్కువ. తీపి మాత్రం విపరీతం. ఎండలో చక్కెర అలా పెరుగుతూనే పోతుంది, పులిసినప్పుడు ఆ చక్కెరంతా ఆల్కహాల్‌గా మారి 14, 15 శాతానికి చేరుతుంది. నోట్లో నిండుగా, వెచ్చగా, ఎర్రటి బెర్రీ పళ్ల వాసనతో ఉంటుంది. లోపాలు రెండు. వసంతంలో చలిగాలి తగిలితే పూత రాలిపోతుంది. వైన్ అయ్యాక గాలి తగిలితే తొందరగా ఆక్సీకరణం చెంది గోధుమరంగుకు తిరుగుతుంది. అందుకే గ్రెనాష్‌ను చిన్న పీపాల్లో కాకుండా సిమెంటు తొట్లలోనో, పాతబడిన పెద్ద పీపాల్లోనో నిలవబెడతారు.

సిరా అన్న పేరు తెలుగు లిపిలో రాస్తే రాసుకునే సిరా అవుతుంది. ఇది యాదృచ్ఛికమే కానీ దాని రంగుకు అంతకన్నా తగిన పేరు ఉండదు. చాలాకాలం ఇది పర్షియాలోని షిరాజ్ నగరం నుంచి వచ్చిందని కథలు చెప్పుకున్నారు. 1990ల చివర కాలిఫోర్నియా, మోంపెలియే శాస్త్రజ్ఞులు డీఎన్‌ఏ పోల్చి చూసి ఆ కథకు తెర దించారు. ద్యురెజా, మోందెజ్ బ్లాంష్ అనే రెండు అనామక ఫ్రెంచి ద్రాక్షల సంకరం ఇది, రోన్ పరిసరాల బిడ్డే. ముదురు రంగు, గట్టి టానిన్, మిరియపు ఘాటు దీని సొత్తు. మూడోది మూర్వెద్ర్ కూడా స్పెయిన్‌దే. అన్నింటికన్నా ఆలస్యంగా పండుతుంది, వేడి చాలకపోతే అసలు పండదు. దట్టమైన తొక్క, వగరు బాగా ఎక్కువ, మాంసపు వాసన. గ్రెనాష్‌కు పూర్తి వ్యతిరేకంగా, దీనికి ఆక్సిజన్‌ను తట్టుకునే గుణం ఉంది.

రైతు వైపు నుంచి చూస్తే కలపడం మొదట ఒక జాగ్రత్త. సిరా సెప్టెంబర్ మొదట్లో కోతకొస్తుంది, తర్వాత గ్రెనాష్, అన్నింటికన్నా చివర మూర్వెద్ర్. వాన ఏ వారంలో పడినా మూడూ ఒకేసారి దెబ్బతినవు. మెట్ట రైతు కందిలో జొన్న కలిపి చల్లేది ఇలాంటి లెక్కతోనే. కానీ తొట్టిలో జరిగేది అంతకుమించిన పని. ఆంథోసయనిన్ ఒంటరిగా ఎక్కువ కాలం నిలవదు, నెలలు గడిచేకొద్దీ వెలిసిపోతుంది. టానిన్‌తో జతకట్టిన ఆంథోసయనిన్ మాత్రం ఏళ్ల తరబడి నిలుస్తుంది. రంగు చాలని గ్రెనాష్‌కు సిరా రంగు పోస్తుంది, సిరా, మూర్వెద్ర్‌ల టానిన్ ఆ రంగును పట్టి ఉంచుతుంది, మూర్వెద్ర్ గాలి దెబ్బనుంచి కాస్తుంది. పెడనలో, శ్రీకాళహస్తిలో కలంకారీ గుడ్డను ముందుగా కరక్కాయలో ముంచేది కూడా టానిన్‌కున్న పట్టుకోసమే. కరక్కాయ నిండా టానినే. గుడ్డమీద అది పట్టే తీరు వేరు, రంగు నిలిపే పని మాత్రం ఒకటే.

మిరియపు వాసన గురించి కాస్త ఆగి చెప్పాలి. ఈ అణువు కథ నాకు ఎంతో ఇష్టం. సిరాలో మిరియం వాసన వస్తుందని అందరికీ తెలుసు, ఎందుకో తెలియదు. 2008లో అడిలైడ్‌లోని ఆస్ట్రేలియన్ వైన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు దాన్ని పట్టుకున్నారు. ఆ అణువు పేరు రోటండోన్. లీటరు ఎర్ర వైన్‌లో 16 నానోగ్రాములుంటే చాలు, ముక్కు గుర్తుపడుతుంది. అంటే ఒక్క గ్రాము రోటండోన్ ఆరు కోట్ల లీటర్లకు పైగా వైన్‌కు మిరియం వాసన పట్టించగలదు. ఒలింపిక్ ఈతకొలనులు 25 నిండుతాయి. అయినా వాళ్లు మనుషుల మీద చేసిన వాసన పరీక్షలో అయిదుగురిలో ఒకరు, వాడిన అతి ఎక్కువ మోతాదును నీళ్లలో వేసి ఇచ్చినా, దాన్ని పసిగట్టలేకపోయారు. ఒకే గ్లాసు ముందు కూర్చున్న ఇద్దరు, మిరియం ఉందనీ లేదనీ వాదించుకుంటే ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు.

మరి ఆ పేరెక్కడిది? రోటండోన్‌ను మొదట చూసింది వైన్‌లో కాదు, మిరియంలోనూ కాదు. 1967లో రసాయన శాస్త్రజ్ఞుడు సుఖ్ దేవ్, ఆయన సహచరులు తుంగగడ్డల తైలంలో దాన్ని గుర్తించారు. తుంగ శాస్త్రీయ నామం సైపెరస్ రోటండస్, పేరు అక్కడినుంచే. వరి మళ్లలో రైతులు తిట్టుకుంటూ పీకిపారేసే కలుపు, ఆయుర్వేద దుకాణంలో తుంగముస్తలుగా అమ్మే గడ్డ. అందులోని అణువే ఫ్రాన్స్ వైన్‌లో మిరియమై పలుకుతోంది. ఆస్ట్రేలియా వాళ్లు వంటింటి దినుసుల్లోనూ వెతికారు. మిరియాలతోపాటు రోజ్‌మేరీలో, థైమ్‌లో, మల్లెలమధ్య కట్టుకునే మరువంలో కూడా దొరికింది.

రోన్ దక్షిణాన గుట్టల మీద థైమ్, రోజ్‌మేరీ, లావెండర్ వాటంతటవే మొలుస్తాయి. ఆ తుప్పల నేలను గారిగ్ అంటారు. గొర్రె తొడను వెల్లుల్లి, రోజ్‌మేరీ పెట్టి కాల్చి ఈ వైన్‌తో తినడం అక్కడి ఇళ్లలో పరిపాటి. మాంసానికి పట్టిన ఆకూ, గ్లాసులోని సిరా ఒకే అణువును పంచుకున్నాయి కాబట్టి అవి కుదురుతాయని చెప్పుకోవడం బాగానే ఉంటుంది. అయితే నేను దాన్ని పూర్తిగా నమ్మను. ఒకే వాసన అణువులున్న పదార్థాలు జతకుదురుతాయన్న సూత్రాన్ని 2015లో ఐఐటీ జోధ్‌పూర్ పరిశోధకులు రెండున్నర వేల భారతీయ వంటకాల మీద పరీక్షించారు. మన వంటలో సరిగ్గా వ్యతిరేకం కనిపించింది. వాసనలు కలవని దినుసులనే మనం ఎక్కువగా కలుపుతున్నాం. కాబట్టి వైన్‌కూ తిండికీ పొత్తు కుదిర్చేది వాసన ఒక్కటే అనుకోలేం. అసలు పని నాలుక మీద జరుగుతుంది.

వగరును షడ్రుచుల్లో ఒకటిగా లెక్కపెట్టాం. ఉగాది పచ్చడిలో దానికోసం మామిడికాయ వేస్తాం. నేటి శాస్త్రం చెప్పేదేమంటే, తక్కిన తీపి, పులుపు, ఉప్పు, చేదుల్లాగా ఇది రుచిమొగ్గల్లో పుట్టదు. ఇది స్పర్శ. 2014లో జర్మనీ పరిశోధకులు కొందరికి రుచి తెలిపే నరాన్ని మొద్దుబార్చి వగరు పదార్థం నోట్లో వేశారు. వగరు తెలిసింది. ముఖం స్పర్శను మోసే నరాన్ని కూడా మొద్దుబార్చాక తెలియలేదు. కారం కూడా ఇలాంటిదే, అదీ రుచి కాదు. అయినా రెండింటికీ చోటిచ్చి లెక్కపెట్టిన పెద్దల నోటి అనుభవం చిన్నదేమీ కాదని నా అభిప్రాయం.

నోట్లో జరిగేది ఇది. లాలాజలంలో ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం పుష్కలంగా ఉన్న ప్రోటీన్లు ఉంటాయి. నాలుకకూ అంగిలికీ మధ్య నూనె పూసినట్టు జారుడుగా ఉంచడంలో లాలాజలపు ప్రోటీన్లదే ముఖ్యపాత్ర. టానిన్ అణువు వెళ్లి వాటిని పట్టుకుని ముద్దచేస్తుంది. జారుడు పోతుంది, రాపిడి మొదలవుతుంది. ఆ రాపిడే వగరు. మొక్క వైపు నుంచి ఇది ఆత్మరక్షణ: పచ్చికాయ నోరు పట్టేలా ఉంటే జంతువు వదిలేస్తుంది, గింజ ముదిరాక పండు మెత్తబడి వగరు తగ్గుతుంది. జంతువులు కూడా ఊరుకోలేదు. టానిన్ ఉన్న మేత పెట్టిన ఎలుకల లాలాజలంలో ఈ ప్రోటీన్లు బాగా పెరిగిపోయినట్టు ప్రయోగాల్లో తేలింది.

ప్రోటీన్‌ను పట్టుకునే ఈ గుణం వల్లే టానిన్‌కు ఆ పేరు వచ్చింది. తోలు పదును చెయ్యడాన్ని ఇంగ్లీషులో ట్యానింగ్ అంటారు. పచ్చితోలులోని కొల్లాజెన్ ప్రోటీన్‌ను టానిన్ పట్టేసి, కుళ్లకుండా గట్టిపరుస్తుంది. మన దగ్గర ఆ పనికి వాడింది తంగేడు చెక్క. తెలంగాణ రాష్ట్ర పుష్పం పూసే చెట్టు బెరడే వందల ఏళ్లు తోలుకు టానిన్ పెట్టింది. టీలో పాలు పోస్తే వగరు ఎందుకు తగ్గుతుందో కూడా ఇక్కడే ఉంది. పాలలోని కేసీన్ ప్రోటీన్ టీ టానిన్‌ను పట్టుకుని కూర్చుంటుంది, లాలాజలం దాకా రానివ్వదు.

ఇప్పుడు రోన్ వంటింట్లోకి వెళ్తే ఆ భోజనాల తర్కం తెలుస్తుంది. రోన్ దక్షిణాన్ని ఆనుకున్న ప్రొవాన్స్ ప్రాంతంలో దోబ్ అనే కూర ఉంది. గొడ్డుమాంసంలో గట్టి కండ భాగాన్ని ఎర్ర వైన్, నారింజ తొక్క, మూలికలతో రాత్రంతా నానబెట్టి, మట్టికుండలో గంటల తరబడి సన్నసెగ మీద మగ్గిస్తారు. అంతసేపట్లో కొల్లాజెన్ కరిగి జెలటిన్ అవుతుంది, పులుసు వేళ్లకు అంటుకుంటుంది. జెలటిన్‌లో ప్రోలిన్ పుష్కలం, అంటే టానిన్ కోరుకునే ప్రోటీన్ అది. వైన్ చేసేవాళ్లు వగరు మరీ ఎక్కువైతే పీపాలో జెలటిన్‌గానీ గుడ్డు తెల్లసొనగానీ కలిపి టానిన్‌ను అడుక్కి దించుతారు. దోబ్ అదే పనిని నోట్లో చేస్తుంది. హైదరాబాద్ పాయాలో తెల్లవార్లూ ఉడికి జిగురుకట్టేది కూడా ఆ జెలటినే, దోబ్ పక్కన దానికీ చోటుంది.

కొవ్వు సంగతి ఇంకా ఆసక్తికరం. 2012లో అమెరికా పరిశోధకులు ద్రాక్షగింజల సారం, గ్రీన్ టీలోని పదార్థం లాంటి బలహీనమైన వగరు ద్రావణాలను మనుషుల చేత గుక్కగుక్కగా తాగించారు. ఒక్క గుక్కకు పెద్దగా ఏమీ అనిపించనిది గుక్క వెనక గుక్క పడేకొద్దీ పేరుకుంది. మధ్యమధ్య కొవ్వున్న ఎండుమాంసం తినిపిస్తే, మాంసం జిడ్డును వగరు, వగరును జిడ్డు తగ్గించాయి. అందుకే తూకం సరిపోయిన భోజనంలో గ్లాసూ పళ్లెమూ చివరిదాకా విసుగు పుట్టించవు. 2021లో బోర్డో శాస్త్రజ్ఞులు టానిన్ నేరుగా నూనె బొట్లనూ అంటుకుంటుందని చూపారు. ముందుగా చెంచాడు నూనె పుచ్చుకున్నవాళ్లకు టానిన్ మెత్తగా అనిపించింది, అన్నింటికన్నా బాగా పనిచేసింది ఆలివ్ నూనె. వంకాయ, టమాట, కాప్సికం ఆలివ్ నూనెలో మగ్గించే రాతాతూయ్‌లో మాంసం లేదు, అయినా ఈ వైన్ పక్కన ఒప్పుతుందంటే కారణం ఆ నూనె. నల్ల ఆలివ్‌ల పచ్చడి తాపెనాద్‌లో నూనెతోపాటు ఉప్పు కూడా ఉంటుంది. ఉప్పు చేదును అణచిపెడుతుంది. మా అమ్మమ్మ నేరేడుకు ఉప్పెందుకు అద్దమందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

మూడు ద్రాక్షల పాళ్లు ఇక్కడ లెక్కకొస్తాయి. గ్రెనాష్ ఎక్కువున్న మామూలు కోత్ ద్యు రోన్‌కు వగరు తక్కువ, కోడి వేపుడుకూ రాతాతూయ్‌కూ అది చాలు. మూర్వెద్ర్ బాగా పడిన షాతోనఫ్‌కు దోబ్ లాంటి బరువైనదే కావాలి, లేకపోతే నోరు ఎండిపోతుంది.

చేపతో మాత్రం పొసగదు, అందుకూ కారణముంది. 2009లో జపాన్ పరిశోధకులు స్కాలప్ అనే సముద్రపు గుల్లను రకరకాల వైన్లతో తినిపించి చూస్తే, వైన్‌లో ఇనుము ఎంత ఎక్కువుంటే నీచువాసన అంత ఎక్కువైంది. చేపనూనె ఆక్సీకరణాన్ని ఇనుము తొందరపెడుతుంది. ఇనుము చాలా ఎర్ర వైన్లలో ఎక్కువ. పులస పులుసు ఎదురుగా ఎర్ర వైన్ పెట్టడమంటే రెండింటికీ అన్యాయం చెయ్యడమే.

ఇక మిరపకాయ. లియాన్‌లోనో, డల్లాస్‌లోనో ఉండే తెలుగువాళ్లు అతిథులకు ఆవకాయన్నం పెట్టి పక్కన షాతోనఫ్ పోసి, ఎందుకిలా మండుతోందని అడగడం కద్దు. నాలుక మీద వేడిని తెలిపే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం ఉంది. మామూలుగా అది 42 డిగ్రీల వేడికి స్పందిస్తుంది. మిరపలోని కాప్సైసిన్ ఆ గ్రాహకాన్నే మోసగించి మంట పుట్టిస్తుంది. ఆల్కహాల్ దాన్ని ఇంకోవైపు నుంచి కదుపుతుంది. 2002లో ఇటలీ శాస్త్రజ్ఞుల ప్రయోగంలో ఆల్కహాల్ తగిలాక ఆ గ్రాహకం 34 డిగ్రీలకే స్పందించింది. మన నోటి వేడే అంతకన్నా ఎక్కువ. 15 శాతం గ్రెనాష్ మీద గుంటూరు మిరప పడితే ఆజ్యం పోసినట్టే. వగరు లాలాజలపు జారుడును తుడిచేస్తుంది కాబట్టి ఆ మంట మరీ పచ్చిగా తెలుస్తుంది. మిరియం, లవంగం, దాల్చినచెక్కల ఘాటుతో, నెయ్యితో, పెరుగులో నానిన మాంసంతో చేసిన కారం తగ్గించిన బిర్యానీ అయితే నేను అభ్యంతరం చెప్పను.

గ్లాసు వేడి కూడా చూసుకోవాలి. ఎర్ర వైన్‌ను గది ఉష్ణోగ్రతలో ఇవ్వాలంటారు. ఆ మాట పుట్టిన గదులు ఫ్రాన్స్ చలిలోని రాతి ఇళ్లవి, 16 నుంచి 18 డిగ్రీలవి. విజయవాడ ఏప్రిల్ గదిలో ఉంచితే ఆల్కహాల్ ఆవిరై ముందు అదే ముక్కుకు తగులుతుంది, పండు వాసన దాని వెనక దాక్కుంటుంది. ఫ్రిజ్‌లో అరగంట పెడితే తేడా తెలుస్తుంది.

ఎర్ర వైన్ గుండెకు మంచిదన్న మాట ఒకప్పుడు బాగా నలిగింది. ఆల్కహాల్ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే వర్గీకరించింది. సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. మందుగా తాగవలసినదేమీ ఇందులో లేదు.

వైన్ ముట్టనివాళ్లు కూడా ఈ శాస్త్రాన్ని ఇంట్లోనే చూడొచ్చు. పాలూ పంచదారా లేకుండా టీ పొడి బాగా మరిగించి వడకట్టండి. చల్లారనిచ్చి, అర నిమిషానికొక గుక్క చొప్పున నాలుగు గుక్కలు తాగండి, మధ్యలో నీళ్లు తాగొద్దు. మొదటి గుక్కకు పెద్దగా ఏమీ ఉండదు. రెండో గుక్కకు చెంపల లోపల బిగువు మొదలవుతుంది. నాలుగో గుక్కకు నాలుక అంగిలికి రాసుకుంటుంది, నేరేడు చెట్టు కిందలాగే. అప్పుడు నేతిలో వేయించి ఉప్పు చల్లిన పనీర్ ముక్క ఒకటి నిదానంగా నమిలి మింగి, మళ్లీ ఒక గుక్క తాగండి. ఆ అయిదో గుక్క దాదాపు మొదటి గుక్కలా ఉంటుంది.